అమ్మ కంచంలోనే బిడ్డ కాలేయం

మన ఉద్దానంలో నలుగురు కలిస్తే మాట కిడ్నీ దగ్గరకు వెళ్లకుండా ఉండదు. కవిటిలో, సోంపేటలో, వజ్రపుకొత్తూరులో చదువు రాని పెద్దలకు కూడా క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు. ఎన్నో ఇళ్లు ఆ జబ్బు వల్ల పెద్దదిక్కును పోగొట్టుకున్నాయి గనుక ఆ భయం న్యాయమైనదే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమయ్యాయి. అయితే కిడ్నీ మీద ఉన్న శ్రద్ధలో పదో వంతయినా మనకు కాలేయం మీద, అంటే లివర్ మీద లేదు. స్కానింగు రిపోర్టులో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1" అని కనిపిస్తే "కిడ్నీలు బాగున్నాయి కదా, అదే చాలు" అని కాగితం మడిచి పెట్టేస్తున్నాము. కొందరు "తాగనివాడికి లివర్ జబ్బేమిటి?" అని నవ్వేస్తారు. ఇంకొందరు "మా వంశంలోనే షుగరుంది, మనమేం చేయగలం?" అని చేతులెత్తేస్తారు.

ఈ మూడు మాటల్లో అన్నింటికంటే ప్రమాదకరమైనది మూడోది. వంశం చెప్పేది సగం కథే. మిగతా సగంలో కొంత భాగం తల్లి గర్భంలోనూ, పసితనంలోనూ అందిన తిండిని బట్టి ఉంటుంది. కనుక లివర్ జబ్బు నివారణను టానిక్ సీసాతో కాక ఆడపిల్ల కంచంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఎందుకో వివరిస్తాను.

గోదాము, ఇద్దరు గుమస్తాలు

పలాస, కాశీబుగ్గల జీడి వ్యాపారం చూడనివారు మనలో ఉండరు. సీజనులో జీడి పిక్కలు కొని గోదాములో నిల్వ చేస్తారు. తరువాత అవసరాన్ని బట్టి బయటకు తీసి పప్పు చేస్తారు. కాలేయం కూడా అలాంటి గోదామే. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చినప్పుడు అందులో సుమారు 100 గ్రాముల వరకు దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు మెదడుకు అందవలసిన చక్కెరను కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది.

ఈ గోదాముకు ఉత్తర్వులిచ్చే గుమస్తాలు హార్మోన్లు. భోజనం చేయగానే క్లోమ గ్రంథి నుంచి ఇన్సులిన్ వస్తుంది. "సరుకు లోపల పెట్టు, కొత్త చక్కెర తయారీ ఆపు, మిగిలినది కొవ్వుగా మార్చు" అని దాని ఉత్తర్వు. కడుపు ఖాళీ అయ్యాక అదే గ్రంథి నుంచి గ్లూకగాన్ వస్తుంది. "తలుపు తీయి, సరుకు పంపు" అని దాని ఉత్తర్వు. వీరిద్దరే కాదు, పైనుంచి మాట చెప్పేవారు ఇంకా ఉన్నారు. థైరాయిడ్ హార్మోన్ కొవ్వును కరిగించమంటుంది. నిద్ర లేనప్పుడు, ఆందోళనలో ఉన్నప్పుడు పెరిగే కార్టిసాల్ ఇంకా చక్కెర తయారు చేయమంటుంది. స్త్రీలలో ఈస్ట్రోజెన్ కాలేయాన్ని కొంతవరకు కాపాడుతుంది. నెలసరి ఆగిపోయిన తరువాత ఆ రక్షణ తగ్గుతుంది.

ఇన్సులిన్ ఏళ్ల తరబడి గట్టిగా అరవవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. కాలేయం దాని మాట సగమే వింటుంది. "చక్కెర తయారీ ఆపు" అన్నది చెవికెక్కదు. "కొవ్వు చెయ్యి" అన్నది మాత్రం చక్కగా వినిపిస్తుంది. అందువల్ల పరగడుపు షుగరు, కాలేయంలో కొవ్వు రెండూ పెరుగుతాయి. "రాత్రి ఏమీ తినలేదు, తెల్లారేసరికి షుగర్ ఇంత ఎలా వచ్చింది?" అని అడిగేవారికి జవాబు ఇదే. ఆ కొవ్వు కొందరిలో వాపుగా, వాపు మచ్చగా, మచ్చ చివరకు సిర్రోసిస్‌గా మారుతుంది. షుగర్, గుండె, కిడ్నీ జబ్బుల ముప్పు కూడా దానితోపాటే పెరుగుతుంది.

సన్నగా ఉంటే సరిపోదు

హైదరాబాదులో ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో వెలువడింది. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉన్నట్టు తేలింది. మన ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లలు కూడా అలాంటి కుర్చీలలోనే కూర్చుంటున్నారు. ఊళ్లో ఉన్నవారిలో సైతం చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు ఎందరో ఉన్నారు.

ఇది పుట్టుకతోనే మొదలవుతుందని పూణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు చూపించారు. 1993లో అక్కడి ఆరు పల్లెల్లో మొదలైన అధ్యయనంలో, మన పిల్లలు ఇంగ్లండు పిల్లల కంటే చాలా తక్కువ బరువుతో పుడుతున్నా, వారి ఒంట్లో కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని తేలింది. తగ్గింది కండ. గర్భంలో తిండి చాలని బిడ్డ "బయట కరువున్నట్టుంది, దొరికింది దాచుకోవాలి" అన్నట్టు శరీరాన్ని సిద్ధం చేసుకుంటుంది. తీరా పుట్టి పెరిగాక ఎదురయ్యేది మూడు పూటలా తెల్లన్నం, కూల్‌డ్రింకులు, మోటారు సైకిలు. కరువుకు తయారైన గోదాములో సరుకు పొంగిపొర్లుతుంది.

చిట్టా మీద పెన్సిల్ గుర్తులు

ఆ తయారీ గుర్తు ఒంట్లో ఎక్కడ ఉంటుంది? తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులను సిరాతో రాసిన చిట్టా అనుకోండి. ఆ అక్షరాలు మారవు. అయితే ఏ పుట తెరవాలో, ఏ పుట మూసి ఉంచాలో చెప్పే చిన్న చిన్న గుర్తులు వాటి మీద ఉంటాయి. మిథైల్ అనే రసాయనంతో పడే గుర్తులు వాటిలో ముఖ్యమైనవి. వీటిని గురించిన శాస్త్రమే ఎపిజెనెటిక్స్. సిరా అక్షరం చెరగదు గానీ పెన్సిల్ గుర్తు తిండిని బట్టి, వయసును బట్టి మారగలదు.

2005లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకలకు మాంసకృత్తులు తగ్గించి పెట్టారు. పుట్టిన పిల్లల కాలేయంలో కార్టిసాల్ వంటి హార్మోన్ల మాట వినే జన్యువు మీద మిథైల్ గుర్తులు తగ్గి, ఆ పుట మామూలు కంటే ఎక్కువగా తెరుచుకుంది. అంటే తల్లి ఆకలి వల్ల బిడ్డ కాలేయం వినే తీరే మారిపోయింది. అదే తిండికి ఫోలిక్ యాసిడ్ చేర్చి పెడితే ఆ మార్పు రాలేదు.

ఈ ఫోలిక్ యాసిడ్‌కు మన తెలుగువారితో చుట్టరికముంది. దానిని 1945లో అమెరికాలో లెడర్లీ సంస్థలో తయారు చేసిన బృందానికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈనాడు గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో, బడిపిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తోపాటు ఉండేది అదే. "నోరు చేదు" అని ఆ మాత్రలను పెరట్లో పారేసేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. అలాగని మాత్ర ఒక్కటే చాలదు. పూణే అధ్యయనంలో ఫోలేట్ ఎక్కువగా, విటమిన్ బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసుకే ఇన్సులిన్ మాట వినని లక్షణం ఎక్కువగా కనిపించింది. బి12 దొరికేది గుడ్డు, పాలు, చేప, మాంసాలలోనే.

ఎలుకల సంగతి మనుషులకు వర్తిస్తుందా అని అడగవచ్చు. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. పక్కనున్న 14 ఊళ్లలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యాక పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు, వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. వారి జన్యువుల మీది గుర్తులను ఆ పరీక్షలో చూడలేదు, ఆ ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందనీ నేను అనను. కానీ తెలుగు పల్లెలో తల్లీబిడ్డలకు పెట్టిన గుప్పెడు ఉప్మా ఫలితం పదిహేనేళ్ల తరువాత కూడా కనిపించిందంటే అది చిన్న విషయం కాదు.

తప్పు తల్లిది కాదు

ఇదంతా చదివి ఎవరైనా "అయితే మీ అమ్మ సరిగా తినలేదు" అని కోడలినో కూతురినో దెప్పితే ఈ వ్యాసం దండగ. తల్లి ఎందుకు తినలేదో అడగండి. మన ఇళ్లలో అందరూ తిన్నాక అడుగంటింది తినేది ఆమే. అంగన్‌వాడీ నుంచి ఆమె పేరున వచ్చిన గుడ్డు, పాలు ఇంటిల్లిపాదికీ పంపకమవుతాయి. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువ మంది స్త్రీలకు రక్తహీనత ఉంది. 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. తన ఎదుగుదలే పూర్తికాని పిల్ల మరో ప్రాణానికి కండ ఎక్కడి నుంచి ఇస్తుంది?

"మా నాయనమ్మ చోడి అంబలి తాగి పదిమందిని కన్నది" అనే పెద్దలున్నారు. నిజమే. కానీ ఆ పదిమందిలో ఎందరు బతికారో, బతికినవారు రోజుకు ఎంత దూరం నడిచారో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంట్లో ఏం చేయాలి?

గర్భిణి, బాలింత, ఎదిగే ఆడపిల్ల ముందు తినాలి. ఆమె పేరున వచ్చిన గుడ్డు ఆమే తినాలి. ఇది చూసుకోవలసిన బాధ్యత అత్తగారిది, భర్తది. నెత్తళ్లు, పప్పు, ఉలవలు, మునగాకు, చోడి అంబలి మనకు కొత్తవి కావు. ఆడపిల్లకు 18 నిండకుండా పెళ్లి తలపెట్టవద్దు.

పెద్దవారిలో కాలేయపు కొవ్వుకు మొదటి మందు నడక. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడవండి. లావుగా ఉన్నవారు బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వు, వాపు బాగా తగ్గుతాయి. తెల్లన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి. కూల్‌డ్రింకులు, సారా మానండి. రాత్రి సరిగా నిద్రపోండి.

ఒక హెచ్చరిక. కిడ్నీ జబ్బు ఉన్నవారు పప్పు, గుడ్డు, ఆకుకూరలు ఎంత తినాలో డాక్టరు గారినే అడగాలి. ఇతరులకు మంచిదైనది వారికి చెరుపు చేయవచ్చు. లివర్ టానిక్కులు, పేరు తెలియని నాటు మందులు, ఒళ్లు నొప్పుల మాత్రలు సొంతంగా వాడకండి. అవి అటు కిడ్నీకీ ఇటు లివర్‌కూ ముప్పు తేవచ్చు.

షుగర్ ఉన్న వంశంలో పుట్టినంత మాత్రాన మన పిల్లలకు కూడా అదే గతి అని రాసిపెట్టి లేదు. ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి కంచం ఆమెకు వడ్డించండి. ఆమె తరువాతే మనం తిందాము.