గుర్రం ముందు గడ్డి చిక్కం

సూరత్–బార్డోలీ మార్గానికి చేరువలో, పల్సానా తాలూకాలో జోల్వా గ్రామం ఉన్నది. చెరకు పొలాల మధ్య బట్టల మిల్లులు వెలసిన ప్రాంతమిది. మొగలాయీల కాలంలో అరబ్బు, పారశీక అశ్వాలు ఓడలమీద దిగిన రేవు పట్టణం సూరత్. ఆనాటి సైన్యాలు నేడు లేవు. పెండ్లి ఊరేగింపులలో వరుని మోసే గుర్రం మాత్రం గుజరాత్‌లో నేటికీ కన్పిస్తుంది. దానిని పోషించేవానికి పని కొన్ని నెలలే, మేత ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ తప్పదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరకే అనలేదు.

సగటు గుర్రానికి దాని బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల ఎండుమేత ప్రతిదినం అవసరం. 350 కిలోల గుర్రానికి రోజుకు ఐదు నుంచి ఏడు కిలోలన్న మాట. ఈ గడ్డిని నేలమీద పరచినప్పుడు గుర్రం మంచి పరకలను ఏరుకుంటుంది. తక్కిన దానిని తొక్కుతుంది, దానిమీదే పేడ వేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు కురిసే దక్షిణ గుజరాత్‌లో తడినేలకు అంటిన గడ్డి త్వరలోనే బూజు పడుతుంది. బూజు గడ్డి గుర్రానికి దగ్గును, కడుపునొప్పిని తెచ్చిపెడుతుంది.

ఈ నష్టాన్ని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు తూచి చూచారు. ఆరుబయట చిన్న మోపులను నేలమీద వేసినప్పుడు నూటికి 13 వంతులు వ్యర్థమైనట్లు 2014లో ప్రకటించారు. అంటే నెలలో నాలుగు దినాల మేత మట్టిపాలన్న మాట. పెద్ద గుండ్రని మోపులను ఏ ఆధారమూ లేక వదలినప్పుడు నష్టం 57 శాతం. వలతో కప్పిన మోపు వద్ద 6 శాతం మాత్రమే. ఇది 2012 నాటి పరిశోధన ఫలితం.

వల అనగానే కొత్త వస్తువేమో అనుకోనక్కరలేదు. నూర్పిడివేళ ఎద్దు మూతికి కట్టే చిక్కం మన రైతు ఎరిగినదే. ఎద్దు తినకుండా ఆపేది ఆ చిక్కం. గుర్రం నిదానంగా తినేటట్లు చేసేది ఈ చిక్కం. సన్నని కన్నులుగల సంచిలో గడ్డి కూరి కడితే, గుర్రం పెదవులతో ఒక్కొక్క పరకనే లాగుకోవలసి వస్తుంది.

నిదానంగా తినడంవల్ల కలిగే లాభం ఖర్చు ఆదా కంటె గొప్పది. ఆవువలె గుర్రానికి నెమరు లేదు. దాని జీర్ణాశయం దేహ పరిమాణానికి చిన్నది. మేత ఉన్నా లేకున్నా అందులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని శాంతింపజేసేది లాలాజలం. అది నమిలినప్పుడే ఊరుతుంది. అందుకే బయలులో తిరిగే గుర్రం రోజులో పదునాలుగు గంటలకు పైగా మేస్తూ గడుపుతుంది. ఉదయం, సాయంత్రం రెండు పూటలే మేత వేసి, నడుమ ఖాళీగా నిలబెడితే కడుపులో పుండ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. కొయ్యను కొరికే దురలవాటు కూడా రావచ్చును. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు కనుక, కడుపుశూల దానికి ప్రాణాంతకం కాగలదు.

వల కన్ను పరిమాణాన్నిబట్టి ఫలితం మారుతుంది. 2014లోనే వెలువడిన మరొక పరిశోధనలో, వల లేకుండా 3.1 గంటలలో ముగిసిన మేత, 15.2 సెంటీమీటర్ల కన్నుల వలలో 3.4 గంటలు, 4.4 సెంటీమీటర్ల వలలో 5.1 గంటలు, 3.2 సెంటీమీటర్ల వలలో 6.5 గంటలు పట్టింది. పెద్ద కన్నుల వలతో ప్రయోజనం స్వల్పమే.

అయితే వలను అజాగ్రత్తగా కడితే మేలుకు బదులు కీడు కలుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఎత్తుగా కన్పించిన వల, ఖాళీ అయిన కొలదీ క్రిందికి వ్రేలాడుతుంది. గిట్టగాని, లాడంగాని అందులో చిక్కుకుంటే గుర్రం బెదరి కాలు విరుచుకోగలదు. కనుక ఖాళీ వల సైతం గిట్టకు అందని ఎత్తులో ఉండాలి. అలాగని తలకు మించి కట్టితే దుమ్ము కన్నులలో, ముక్కులో రాలుతుంది. కొస లాగగానే విడిపోయే ముడి శ్రేయస్కరం. సన్నని, పదునైన దారంతో అల్లిన వల చిగుళ్ళను కోస్తుంది. మెత్తని, మందపు త్రాడు మేలు. మొదటి దినాలలో కొంత గడ్డి విడిగా వేసి, క్రమంగా వలకు అలవాటు చేయాలి. వల ఎంత మంచిదైనా లోపల కూరిన గడ్డి మంచిది కాకపోతే ఫలం లేదు. తడిసిన గడ్డిని అందులో నింపరాదు. ముసలి గుర్రానికి, పళ్ళు పాడైనదానికి సన్నని కన్నుల వల తగదు. వల కట్టిన గుర్రం చిక్కిపోతున్నదేమో వారం వారం గమనించాలి.

పెండ్లి ముహూర్తాలు లేని నెలలలో మేతను తగ్గించి గుర్రాన్ని పస్తు పెట్టడం యజమానికి సులభంగా తోచే ఉపాయం. నోరులేని జీవి ఆ బాధను చెప్పుకోలేదు. నాలుగు మూరల త్రాడు అల్లిక ఆ పస్తును కొంతైనా తప్పించి, యజమాని చేతి డబ్బును మట్టిలో కలవకుండా కాపాడగలదు.