చీటీ ఒకటే, ఇల్లే వేరు

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకొని ఇల్లు చేరిన మనిషికి అసలు వైద్యం అక్కడినుంచే మొదలవుతుంది. మాత్రలు మానరాదు, పొగాకు ముట్టరాదు, ఉప్పూ నూనే తగ్గించాలి, రోజూ నడవాలి. వైద్యుడు రాసిచ్చే చీటీలో మగవారికొకటి, ఆడవారికొకటి అని ఉండదు. తేడా అంతా ఇంట్లోనే.

మా వీధిలో రెండేళ్ల తేడాతో భార్యాభర్తలిద్దరికీ స్టెంట్లు పడ్డాయి. మొదట ఆయనకు. భాభీ మర్నాడే వంట తీరు మార్చారు. పూటపూటకూ మాత్రలు చేతిలో పెట్టారు. ఫజర్ నమాజు ముగించి అటునుంచే నాలుగు వీధులు తిరిగి రమ్మని పోరు పెట్టారు. ఆయన అన్నీ పాటించారు, బీడీ ఒక్కటి తప్ప. ఆరు నెలలు మాని, చాయ్ హోటలు దగ్గర మళ్లీ అంటించారు. తర్వాత ఆమె వంతు వచ్చింది. పదో రోజున పరామర్శకు వెళితే పొయ్యి దగ్గరే ఉన్నారు. మాత్రలు అయిపోయి నాలుగు రోజులైందట. "పింఛను పడగానే తెప్పించుకుంటాను భాయ్, ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అన్నారు. స్టెంటు వేసిన కొత్తలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మగవారి జబ్బు అలవాటులో ఉంది. 2016-17 నాటి జాతీయ సర్వేలో పొగాకు వాడే పురుషులు 42.4 శాతం, స్త్రీలు 14.2 శాతం. గుండెపోటు తర్వాత పొగ మానినవారిలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. ఇంతకంటే చవకైన మందు లేదు. స్త్రీల ఇబ్బంది వేరు. ఆమెకు మానవలసిన వ్యసనం తక్కువ (జర్దా పాన్ నమిలే పెద్దమ్మలను ఎవరూ అడగరనుకోండి), కానీ పాటించడానికి తీరికా, తోడూ, డబ్బూ ఉండవు. గుండె రోగులకు నేర్పే వ్యాయామ శిక్షణకు స్త్రీలు తక్కువగా వస్తారన్నది అనేక దేశాలలో కనిపించిన సంగతే. మన బస్తీలలో ఆమె నడవడానికి చోటే ఉండదు. రమజానులో మరీ కష్టం. రోగికి ఉపవాసం నుంచి సడలింపు సూరా బఖరాలోనే ఉన్నా, ఇంటిల్లిపాదికీ సహరీ వండిన మనిషి తాను ఉండకపోతే ఎలాగని మాత్రలు వదిలేస్తుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషనుతో ఆగిపోదు. ఎంపిక చేసిన చికిత్సలకు తర్వాత కూడా మందులు, పరీక్షలు ఇస్తుంది. ఆ సంగతి తెలిసిన ఇళ్లలోనూ ఆమెను పెద్దాసుపత్రికి తీసుకుపోయే తీరిక ఎవరికీ ఉండదు. ఆ మందులను బస్తీ దవాఖానాలోనే ఇవ్వాలని మనం అర్జీలు పెట్టాలి. ఒక పూట పాఠశాల మైదానాన్ని స్త్రీల నడకకు విడిచిపెట్టమని మసీదు కమిటీలు కూడా అడగవచ్చు.

ఆ దంపతులు ఇప్పుడు అసర్ తర్వాత కలిసే నడుస్తున్నారు. ఆమె మాత్రలు ఆయనే తెస్తున్నారు. బీడీ మాత్రం ఇంకా జేబులోనే ఉంది.