విటమిన్ డి: లోపం ఎవరిలో, మందు ఎవరికి?

ఆరోగ్య పరీక్షల ప్యాకేజీ కింద రక్తం ఇచ్చినవారి చేతికి అందే నివేదికలో మిగతా అంకెలన్నీ సవ్యంగా ఉన్నా, విటమిన్ డి వరుస మాత్రం తరచు ముద్దక్షరాల్లో కనిపిస్తుంది. మిల్లీలీటరు రక్తంలో 18 నానోగ్రాములనో, 22 అనో ఒక అంకె, దాని పక్కనే 30కి తగ్గరాదన్న సూచన. ఆ తర్వాతి మజిలీ మందుల దుకాణం. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు పాలలో కలుపుకొని తాగే 60,000 యూనిట్ల సాచెట్లు నేడు నగరాల్లో జ్వరం మాత్రలంత పరిచితమయ్యాయి. ఇదే దేశంలో, ఈ పరీక్ష పేరు కూడా వినని ఇళ్లలోని పిల్లల్లో ఎముకలను దెబ్బతీసేంతటి లోపం ఉంది. మందు ఎక్కువగా అందుతున్నది ఒకరికి, అవసరం ఎక్కువగా ఉన్నది మరొకరికి.

ముందుగా ఆ అంకె సంగతి చూడాలి. భారతీయుల్లో నూటికి 70 మందికి, 90 మందికి విటమిన్ డి లోపమున్నదని వచ్చే శీర్షికలు చాలావరకు గీత ఎక్కడ గీశారన్నదానిపై ఆధారపడినవే. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో వెలువరించిన నివేదిక, ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరి అవసరాలకూ 20 సరిపోతుందని తేల్చింది. సగటు అవసరం 16 మాత్రమేనని కూడా అందులో ఉంది. అంటే 18 వచ్చిన ప్రతివారూ రోగులు కారు. అదే ఏడాది ఆ దేశపు ఎండోక్రైన్ సొసైటీ 30 ఉండాలని చెప్పింది. ప్రయోగశాలలు ఎక్కువగా ఈ రెండో గీతనే ఎంచుకున్నాయి. 2024లో ఆ సొసైటీయే తన పాత లక్ష్యాన్ని ఉపసంహరించుకొని, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఈ పరీక్షను మామూలుగా చేయించనక్కరలేదని కొత్త మార్గదర్శకాల్లో పేర్కొంది. అనేక నివేదికల్లో 30 మాత్రం ఇంకా అలాగే ఉంది.

అలాగని లోపమంతా ప్రయోగశాలల కల్పన అనుకోవడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వం 2016-18 మధ్య జరిపిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే గీతను 12కు దించి లెక్క తీసింది. అయినా ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 14 శాతం, అయిదు నుంచి తొమ్మిదేళ్లవారిలో 18 శాతం, పది నుంచి పంతొమ్మిదేళ్లవారిలో 24 శాతం మంది ఆ గీతకు దిగువనే ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ లోపం పెరిగింది. బయట ఆడుకునే ఈడు నుంచి గదుల్లో కూర్చొని చదివే ఈడుకు వచ్చేసరికి ఇలా జరగడం కేవలం యాదృచ్ఛికం అనిపించదు.

ఎండ పుష్కలంగా ఉన్న నేలపై ఈ పరిస్థితి ఎందుకన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు ఎండ స్వభావంలోనే ఉంది. చర్మంలో విటమిన్ డిని పుట్టించేది అతినీలలోహిత బి కిరణాలు. కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వాతావరణమే వాటిని వడగడుతుంది. అందుకే పసిబిడ్డకు నూనె రాసి పొద్దుటి నీరెండలో పడుకోబెట్టే అలవాటు హాయినిస్తుందేగానీ, అందులో దొరికే విటమిన్ తక్కువ. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పగటిపూట వేర్వేరు వేళల్లో ఈ మార్పిడిని కొలిచి, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య అది అత్యధికమని గుర్తించారు. అయితే తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ హెచ్చరికలు బయటికి రావద్దని చెప్పేదీ సరిగ్గా ఆ పూటే. వేసవిలో ఈ రెండు సలహాలూ ఒకదానికొకటి ఎదురవుతాయి. అప్పుడు పాటించవలసింది వడదెబ్బ హెచ్చరికనే. చలికాలపు మధ్యాహ్నాల్లో ఆ చిక్కు లేదు.

ఎండలో ఉన్నంత మాత్రాన అది ఒంటికి తగులుతుందనీ చెప్పలేం. నాట్లు వేసే, పత్తి ఏరే మహిళలు చీరపై మగవారి పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. నల్లని చర్మంలోని మెలనిన్ కిరణాలను కొంత ఆపుతుంది గనుక మరికాస్త సేపు కావాలి. బ్రిటన్‌లో దక్షిణాసియా మూలాలవారు ఏడాది పొడవునా రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర తీసుకునే విషయం ఆలోచించాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ సూచిస్తోంది. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. 2000లో వెలువడిన ఒక ఢిల్లీ అధ్యయనంలో ఆరుబయట శిక్షణ పొందే సైనికుల్లో విటమిన్ డి బాగానే ఉండగా, ఆసుపత్రి గోడల మధ్య గడిపే వైద్యులు, నర్సుల్లో చాలా తక్కువగా కనిపించింది. రెండేళ్ల తర్వాత వచ్చిన మరో అధ్యయనం కాలుష్యం దట్టంగా ఉన్న మోరీ గేట్ ప్రాంతపు చిన్నారులను, అప్పటికి గాలి కొంత శుభ్రంగా ఉన్న గుర్గావ్ చిన్నారులతో పోల్చింది. మొదటి బృందం సగటు 12.4, రెండో బృందం సగటు 27.1. పరిశీలించిన పిల్లల సంఖ్య తక్కువే అయినా, పొగమంచు కమ్మిన ఆకాశం కింద ఎండకు వెళ్లమని చెప్పే సలహా ఎంతవరకు పనిచేస్తుందో ఈ తేడా సూచిస్తుంది.

ఎముకల కథలో విటమిన్ డికి తోడుగా నడిచే కాల్షియం గురించి మాట్లాడేవారు తక్కువ. బంగ్లాదేశ్‌లో 1991 తుపాను తర్వాత సహాయానికి వెళ్లినవారు కాక్స్ బజార్ జిల్లా చకారియా ప్రాంతంలో కాళ్లు వంకర తిరిగిన పిల్లలను గమనించారు. ఎండకు కొదవ లేని ఆ చోట రికెట్స్‌కు ప్రధాన కారణం ఆహారంలో కాల్షియం కొరతేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. తిరుపతి పరిశోధకులు సైతం తమ ప్రాంతపు భోజనంలో కాల్షియం తక్కువని, దాన్ని ఒంటబట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువని నమోదు చేశారు. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో 10 మిల్లీగ్రాముల కాల్షియమైనా ఉండదు. అంతే రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. రాయలసీమ సంగటి స్థానాన్ని తెల్లన్నం ఆక్రమించిన కొద్దీ పోయినది రుచి ఒక్కటే కాదు. 2023లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టడం ఈ కోణంలో చెప్పుకోదగిన అడుగు.

ఇక సాచెట్ల విషయం. వాటిలోని డి3ని సాధారణంగా గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసిన పదార్థంపై అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి తయారుచేస్తారు. చర్మం ఎండలో చేసే పనినే కర్మాగారం చేసి పొట్లం కడుతోందన్నమాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 600 యూనిట్లు. ఆ లెక్కన ఒక్క సాచెట్ నూరు రోజుల గ్రాసం. నిజమైన లోపమున్నవారికి వైద్యుడు కొద్ది వారాలపాటు దీన్ని రాయడం సముచితమే. లోపం సరిదిద్దుకున్నాక కూడా, నీరసానికో ఒళ్లు నొప్పులకో సొంతంగా నెలల తరబడి వాడడంతోనే చిక్కు వస్తుంది.

అమెరికాలో దాదాపు 26,000 మందితో సాగిన వైటల్ పరీక్షలో రోజూ 2,000 యూనిట్లు తీసుకున్నవారికి క్యాన్సర్, గుండెజబ్బులు తగ్గలేదు. ఎముకలు విరగడమూ తగ్గలేదు. ఆస్ట్రేలియాలో 60 ఏళ్లు దాటిన 21,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో నెలకు 60,000 యూనిట్లు, అంటే మన సాచెట్ అంత మోతాదే, ఇచ్చినా మరణాల్లో తగ్గుదల లేదు. వీరిలో అత్యధికులకు మొదట్లోనే లోపం లేదు గనుక, ఈ ఫలితాలను లోపమున్న పిల్లలకు అన్వయించరాదు. పరీక్షలో బొటాబొటీ అంకె వచ్చిన నగర ఉద్యోగికి మాత్రం ఇవి దగ్గరి సాక్ష్యాలే. ఏడాదికోసారి ఏకంగా 5 లక్షల యూనిట్లు ఇచ్చిన ఇంకో ఆస్ట్రేలియా అధ్యయనంలో వృద్ధ మహిళలు మరింత ఎక్కువగా పడిపోయారు, వారి ఎముకలు మరింత ఎక్కువగా విరిగాయి. మన దేశంలో 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ దొరుకుతోంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, చివరకు మూత్రపిండాల దెబ్బ ఎదురవుతాయి.

మరి తప్పనిసరిగా అందవలసినవారెవరు? తల్లిపాలలో విటమిన్ డి చాలా స్వల్పం. అందుకే ఏడాది నిండేవరకు శిశువులకు రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయాలని భారత శిశువైద్యుల అకాడమీ సిఫారసు చేస్తోంది. గడప దాటలేని వృద్ధులు, ఒళ్లంతా కప్పుకునే మహిళలు, గర్భిణులు, ఫిట్స్ మందులు దీర్ఘకాలం వాడేవారు, కాలేయ, మూత్రపిండ వ్యాధులున్నవారు ఆ తర్వాతి వరుసలో ఉంటారు. పాలు, వంటనూనెల్లో విటమిన్ ఎ, డి కలిపేందుకు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు రూపొందించి, ప్యాకెట్లపై ‘ప్లస్ ఎఫ్’ గుర్తు పెట్టించింది. అయితే విడిగా పాలు, నూనె కొనే ఇళ్లకు ఆ గుర్తు చేరదు. చౌకదుకాణాల ద్వారా పేదలకు చేరిన బలవర్ధక బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపారేగానీ డి లేదు.

సర్వేలో అత్యధిక లోపం కనిపించిన కౌమార వయస్కుల దినచర్యను గమనిస్తే మరో ఖాళీ కనబడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ విద్యార్థులు చాలామంది అపార్ట్‌మెంట్ల వంటి భవనాల్లో, ఆటస్థలం లేని కార్పొరేట్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు స్టడీ అవర్లలో గడుపుతున్నారు. ఎముకల బరువులో గణనీయ భాగం సమకూరేది ఆ ఏళ్లలోనే. వారి టైమ్‌టేబుల్లో మధ్యాహ్నం 12 గంటలకు ఆటల పీరియడ్ ఉండదు.