‘మనం’ అనే ముందు

డిగ్రీ పూర్తయి పాతికేళ్ళవుతోంది. కొత్తవలసలో రైలెక్కి చదువుకోడానికి వెళ్ళొచ్చిన మా బ్యాచ్ అంతా ఒకచోట కలవాలని మిత్రులు తలపెట్టారు. సంతోషం. ఆ సందర్భంగా సావనీరు వేస్తారట. ఎవరి క్షేమ సమాచారం వాళ్ళు రాసి పంపాలట. దానికో ఫారం ఇచ్చారు. పేరు, ఉద్యోగం, హోదా, సొంతిల్లు, పిల్లల చదువులు, వాళ్ళు ఏ దేశంలో స్థిరపడ్డారు. అన్నీ అడిగి, చివర్న మన మధ్య ఎప్పుడూ ఏ తేడాలూ లేవని, మనమంతా ఒక్కటేనని రాశారు.

మా పేచీ ఆ ‘మనం’తోనే.

ఉర్దూలో ‘హమ్’ అనేది ఒక్కటే మాట. ఎదుటివాణ్ణి కలుపుకున్నా ‘హమ్’, వదిలేసినా ‘హమ్’. తెలుగు అలా కాదు. కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. ఇంట్లో ఆ భాష, వీధిలో ఈ భాష మాట్లాడే మాకు ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. పాతికేళ్ళుగా మీరు వేదికల మీద ‘మనం’ అంటున్నారు. వేదిక దిగాక ‘మేము’, ‘మీవాళ్ళు’ అంటున్నారు. ‘మీవాళ్ళు’ అన్న ప్రతిసారీ మేం చెయ్యని పనికి మమ్మల్ని సంజాయిషీ అడిగారు. ‘నువ్వు మాత్రం అలాంటోడివి కాదులే’ అని మెచ్చుకున్నారు. ఆ మెప్పులో తిట్టు ఎక్కడుందో మీకు కనపడదు. మాకు కనపడుతుంది.

ముందు ఉద్యోగం సంగతి. ఫారంలో ‘హోదా’ అని గడి గీసినవాళ్ళకి ఒక లెక్క గుర్తు చెయ్యాలి. 2001 జనాభా లెక్కల్లో ముస్లింలు దేశంలో 13.4 శాతం. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. మిగిలినవాళ్ళు ఎక్కడున్నారు? సైకిల్ షాపులో, దర్జీ మిషను ముందు, మాంసం కొట్లో, పరుపులు కుట్టే చోట, లారీ క్లీనరు సీట్లో. మీ పక్క బెంచీలో కూర్చున్నవాళ్ళే. వాళ్ళకి మీకంటే మార్కులు తక్కువేం కాదు. మీకు ఊళ్ళో తెలిసినవాళ్ళున్నారు, సిఫారసు చేసే మావయ్యలున్నారు, ఉద్యోగం వచ్చేదాకా ఆగే స్తోమత ఉంది. మావాళ్ళకి డిగ్రీ కాగితం రాకముందే ఇంటి బరువు నెత్తిన పడింది. మీరు సావనీరులో ‘స్వయంకృషి’ అని రాసుకునే దాంట్లో సగం మీ కృషి కాదు. ఆ మాట కూడా రాయండి.

‘మీకు రిజర్వేషన్లున్నాయి కదా’ అంటారు. బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చిన చట్టం వచ్చింది 2007లో. మన డిగ్రీ అయిపోయింది 2001లో. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పద్నాలుగు సమూహాలకు కొనసాగింది. అది మా బ్యాచ్‌లో ఎవరికీ ఒక్క సీటు ఇవ్వలేదు. మీరు వేలెత్తి చూపే ఆ మేలు మా పిల్లల తరానికి వచ్చింది, అదీ కోర్టు గుమ్మంలో నిలబడి.

సొంతిల్లు సంగతి తర్వాత. అద్దె ఇల్లు సంగతి అడగండి. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు చూసి మేం వెళితే, పేరు చెప్పకముందు ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే ఎవరో అడ్వాన్సు ఇచ్చేసిన ఇల్లవుతుంది. దీనికి మీ ఫారంలో గడి లేదు.

పాతికేళ్ళ కబుర్లంటే ప్రమోషన్లూ పెళ్ళిళ్ళేనా? పట్టాలు చేతికొచ్చిన మరుసటి ఏడాదే గుజరాత్, 2002. అది మాకు కబురు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది మావాళ్ళు, తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మావాళ్ళనే. ఎందరో కుర్రాళ్ళు చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. అదీ కబురే. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించి, మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఆరు మతాల పేర్లు రాసి మా మతాన్ని వదిలేశారు. అప్పుడు మా ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు దించి తాతల నాటి కాగితాలు వెతికారు. 2020లో కరోనా వస్తే, రోగానికి కూడా టోపీ పెట్టారు. వీధిలో కూరగాయలమ్ముకునేవాణ్ణి పేరడిగి పంపేశారు. ఆ రోజుల్లో మీలో ఎంతమంది ‘ఏటిరా సాయిబూ, ఎలాగున్నావు, పిల్లలెలాగున్నారు?’ అని ఒక్క మాట అడిగారు? ఇప్పుడు సావనీరు కోసం ‘ఎక్కడున్నావు’ అని అడుగుతున్నారు. అప్పుడు మీరెక్కడున్నారు?

మేమెక్కడి నుంచో వచ్చామంటారు. మన ఊరి పేరేమిటి? కొత్తవలస. ఉత్తరాంధ్రలో ‘వలస’ అన్న మాట అంటుకున్న ఊళ్ళు లెక్కపెట్టండి. ఎవరో ఒకరు ఎక్కడి నుంచో వచ్చి నిలబడితే ఊరైంది. మరి మేమే పరాయివాళ్ళమా? శ్రీకాకుళాన్ని చికాకోల్ అన్న రోజుల నుంచీ ఈ నేల మీద ఉన్నాం. 2011 లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెంటిలోనూ మేం ఒక శాతం కూడా లేం. ఇంత తక్కువమందిమి మీకు భయమెలా అయ్యాం? విజయనగరం ఖాదర్ బాబా దర్గాలో తల వంచేవాళ్ళలో మీ ఇళ్ళవాళ్ళే ఎక్కువ. బాబా కావాలి, బాబా పేరు పెట్టుకున్నవాడికి ఇల్లు అద్దెకివ్వకూడదు! గురజాడ తిరిగిన విజయనగరం మాదీ. పిఠాపురం ఉమర్ ఆలీషా పద్యాలు రాసిన తెలుగు మాదీ. ‘మీరు తెలుగు బాగా మాట్లాడతారే’ అని ఆశ్చర్యపోవడం ఇకనైనా మానండి.

సంబరం వేళ రాజకీయాలెందుకని ఒక మిత్రుడన్నాడు. ఎవరి కబురు కబురో, ఎవరిది రాజకీయమో నిర్ణయించేది ఎవరు? మీ అబ్బాయి అమెరికా వెళ్ళడం వార్త, మా అబ్బాయిని పేరు చూసి ఇంటర్వ్యూ నుంచి పంపెయ్యడం రాజకీయం. ఈ విభజన చేసే అధికారం మీ దగ్గరుంది. దాన్నే ఆధిపత్యం అంటున్నాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ అచ్చయినప్పుడు కూడా ఇలాగే ఉలిక్కిపడ్డారు. మంచి తెలుగులోనే చెప్పినా, చెప్పిన సంగతి మింగుడుపడలేదు.

మేం సమ్మేళనానికి వస్తాం. రామని అలిగి కూచోం. రాయగడ ప్యాసింజర్లో ఒకరి క్యారేజీ ఒకరం పంచుకు తిన్నది అబద్ధం కాదు. ఆ స్నేహం నిజం కాబట్టే ఇంత కోపం. పరాయివాళ్ళతో ఎవరు తగాదా పడతారు? కానీ మీరు గీసిన గడుల్లో ఇమడం. సైకిల్ షాపువాడి పేరు కలెక్టరాఫీసువాడి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వెయ్యాలి. మేం రాసిన సంగతులు ‘సందర్భం కాదు’ అని కత్తిరించకుండా అచ్చెయ్యాలి. మీ వంతుగా మీరు ఒక గడి అదనంగా నింపాలి. ఈ పాతికేళ్ళలో సాటి ముస్లిం క్లాస్‌మేటు కోసం మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ వీధిలో ఎప్పుడైనా ఒక్క మాట గట్టిగా మాట్లాడారా? మాట్లాడితే ఏమన్నారో రాయండి. లేకపోతే ఆ గడి ఖాళీగానే అచ్చు వెయ్యండి.

ఆ సావనీరు అచ్చయ్యాక ‘మనం’ అనొచ్చో లేదో అందరం కూచుని తేల్చుకుందాం.