తూకం వేసేదీ వాడే, కొనేదీ వాడే

శెనక్కాయలు పండించే రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. కాటా పట్టేవాడూ సరుకు కొనేవాడూ ఒకడే అయితే ఎన్ని మూటలేసినా తూకం తగ్గుతాది. వాడు పుట్టుదొంగ కానక్కర్లేదు. వాని లాభం కాటా ముల్లు మీద కూచోనుంటాది, అంతే. సర్కారు పనుల్లో ఇట్లా జరిగితే చదువుకున్నోళ్ళు దానికి ‘ప్రయోజనాల వైరుధ్యం’ అని పేరు పెట్టినారు. పేరు పెద్దదే గానీ సంగతి మన పల్లెలకు పాతదే. ప్రజల పని చేయమని ఇచ్చిన కుర్చీలో కూర్చొని సొంత పని చక్కబెట్టుకోవడమే అది.

కర్నూలు, కడప పల్లెల్లో దీన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. దళితవాడకు సిమెంటు రోడ్డు మంజూరైతాది. తీర్మానం మీద సంతకం తల్లిది, కాంట్రాక్టు కొడుకుది, కంకర బామ్మర్ది క్రషరుది. ఎం-బుక్కులో కొలత రాసే ఇంజనీరు ఆ ఇంట్లోనే భోంచేసి వస్తాడు. తొలకరి వానకే రోడ్డు లేచిపోతే ఫిర్యాదు తీసుకునేది మళ్ళీ ఆ ఇంటోళ్ళే. బంజరు భూములకు పట్టాలిచ్చే అసైన్‌మెంట్ కమిటీలో ఎమ్మెల్యే మాటే చెల్లుతాది. అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నియమాల ప్రకారం జిల్లా నిఘా కమిటీకి కలెక్టరు అధ్యక్షుడు, జిల్లాలోని ఎమ్మెల్యేలు, ఎంపీలు సభ్యులు. ముద్దాయి ఆ సభ్యుని బంధువో, ఓట్లేయించే మనిషో అయితే ఆయన లేచి బయటికి పోవాలని ఏ నియమమూ చెప్పదు. కేసు ఎందుకు నడవదో మన తల్లులకు తెలుసు.

మరి చట్టం లేదా అంటే, ముక్కలు ముక్కలుగా వుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ పనుల్లో కాంట్రాక్టు వున్నవాడు సభ్యత్వానికి అనర్హుడు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఎ సెక్షను ప్రకారం ప్రభుత్వంతో కాంట్రాక్టు నడుస్తున్నవాడు ఎమ్మెల్యేగా వుండగూడదు. వినడానికి గట్టిగానే వుంది. కానీ ‘వాడు’ అనే మాట దగ్గరే కంత వుంది. కాంట్రాక్టు భార్య పేర, కొడుకు కంపెనీ పేర, నమ్మిన బంటు పేర వుంటే చట్టం చెయ్యి అక్కడిదాకా పోదు. మన సీమలో ఏ పెద్ద నాయకుడు మాత్రం తన పేర టెండరు వేసుకుంటాడు?

ఇంకో వింత చూడండి. 1964 ప్రవర్తనా నియమాల కింద బడిపంతులు సెంటు స్థలం కొన్నా పైఅధికారికి చెప్పాల. ఏటేటా ఆస్తుల లెక్క రాసియ్యాల. మంత్రులకు కూడా అదే 1964లో ఒక ప్రవర్తనా నియమావళి వచ్చింది. వ్యాపారాలతో తెగదెంపులు చేసుకోవాలనీ, ఆస్తుల వివరాలు ముఖ్యమంత్రికి ఇవ్వాలనీ అందులో వుంది. కానీ దానికి చట్టబలం లేదు. అంటే చిన్న ఉద్యోగికి చట్టం, పెద్ద మంత్రికి హితబోధ! మనుధర్మంలో కూడా శిక్షలు ఇట్లాగే కిందికి పోయేకొద్దీ బరువెక్కుతాయి.

పెద్దోళ్ళ మీద ఫిర్యాదు వినడానికి మన రాష్ట్రంలో లోకాయుక్త వుంది. 1983లో చట్టం చేసినారు. పదవిని వాడుకొని తనకో, తనవాళ్ళకో లాభం చేసుకున్నా, సొంత స్వార్థంతో నిర్ణయం తీసుకున్నా మంత్రి మీదా, ఎమ్మెల్యే మీదా, అధికారి మీదా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ప్రమాణపత్రం జత చేయాల. లోకాయుక్తకు సివిలు కోర్టు మాదిరి సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం వుంది. తప్పు తేలితే ప్రభుత్వానికి సిఫారసు రాస్తాడు. మూడు నెలల్లో ఏం చేసిందీ ప్రభుత్వం చెప్పాల. ఆ జవాబు తృప్తిగా లేకపోతే గవర్నరుకు ప్రత్యేక నివేదిక పోతాది, అది అసెంబ్లీ ముందుకు వస్తాది.

బాగానే వుంది కదా అనుకుంటాం. కానీ చివరి మెట్టు చూడండి. శిక్ష వేసే అధికారం ఆయనకు లేదు. సిఫారసు పోయేది ప్రభుత్వానికే. నివేదిక పోయేది అసెంబ్లీకే. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ దగ్గరికే కాటా మళ్ళీ చేరింది. పైగా కాటా పట్టే మనిషిని పెట్టాలన్నా వాళ్ళే పెట్టాల. 2017లో ఖాళీ అయిన కుర్చీని 2019 సెప్టెంబరు దాకా నింపలేదు. ఆ రెండేండ్లు రాష్ట్రంలో ఏ నాయకుడూ తప్పు చేయలేదని అనుకోవాల్నా?

ఈ ఆఫీసు 2021లో హైదరాబాదు నుంచి కర్నూలుకు వచ్చింది. అమరావతికి తీసుకపోతామన్న మాట 2024లో లేచినప్పుడు కర్నూలు లాయర్లు రోడ్డెక్కినారు. వాళ్ళ ఆందోళన న్యాయమైనదే. సీమకు దక్కిందే కొంచెం, అది గూడా పోతే ఎట్లా? అయితే మేం ఇంకో ప్రశ్న అడుగుతున్నాం. ఆఫీసు బస్టాండు పక్కకే వచ్చినా, పల్లె నుంచి కాగితం పట్టుకొని పోయిన మాదిగ ఆడమనిషికి మళ్ళీ ఊర్లోకి రావడానికి రక్షణ ఏది? దూరం మైళ్ళలోనే లేదు, భయంలో గూడా వుంది.

లోకాయుక్తకు కోరలుంటే ఏమైతాదో పక్కనే బళ్ళారిలో చూసినాం. ఓబుళాపురం గనుల యజమాని గాలి జనార్దనరెడ్డికి 2007లో మన జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్ కోసం 10,760 ఎకరాలు కట్టబెట్టినారు. ఆ కేటాయింపు తర్వాత రద్దయింది. 2008లో ఆయన కర్ణాటకలో మంత్రి అయినాడు. గని ఆయనదే, ప్రభుత్వమూ ఆయనదే. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త సంతోష్ హెగ్డే గనుల దోపిడీ మీద నివేదిక ఇచ్చినాడు. ముఖ్యమంత్రి యడియూరప్ప కుటుంబ ట్రస్టుకు గనుల కంపెనీ విరాళమిచ్చిన సంగతి అందులో వుంది. యడియూరప్ప రాజీనామా చేయక తప్పలేదు. ఆ విరాళాల కేసును 2016లో సీబీఐ కోర్టు కొట్టేసింది. ఓబుళాపురం కేసులో 2025 మే 6న గాలికి ఏడేండ్ల శిక్ష పడింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని నిలుపుదల చేసింది. కోర్టుల దారి అంత పొడుగు. కర్ణాటక లోకాయుక్తకు సొంత పోలీసు విభాగం వుండబట్టే అంత దూరం వచ్చింది. 2016లో అక్కడి ప్రభుత్వం ఏసీబీ పెట్టి ఆ బలాన్ని తీసేసింది. 2022 ఆగస్టులో హైకోర్టు తిరిగి ఇప్పించింది. కోరలున్న కుక్కను ఏ దొంగా ఇష్టపడడు, అది ఏ పార్టీ ఇల్లైనా సరే.

కెనడాలో 2007 నుంచి దీనికోసమే ఒక కమిషనరు వున్నాడు. మంత్రులు తమ ఆస్తులు, వ్యాపారాలు ఆయనకు చెప్పుకోవాల. ప్రజలు చూసుకునే పట్టీ వుంటాది. 2017లోనూ 2019లోనూ ప్రధానమంత్రి ట్రూడో నియమం తప్పినాడని ఆ ఆఫీసే తేల్చి చెప్పింది. లంచం తిన్నాక పట్టుకోవడం ఒకటి, తినే సందు ముందే మూయడం ఒకటి. మన దేశంలో ఈ రెండోదానికి ప్రత్యేక చట్టమే లేదు.

ఇదంతా తెల్లదొరల దేశాల మాట, మనకు పొసగదు అనేవాళ్ళుంటారు. కర్నూలు పక్కన పెద్దపాడు మాల ఇంట పుట్టిన దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయినాడు. ఆయన ఏలుబడిలోనే 1961 జనవరిలో ఈ రాష్ట్రంలో ఏసీబీ మొదలైంది. అవినీతి మీద కేంద్రం వేసిన సంతానం కమిటీ నివేదిక రాకముందే! అధికారం చేతికొచ్చిన దళితుడు తన చుట్టూ కోట కట్టుకోలేదు, లెక్క అడిగే ఆఫీసు కట్టినాడు. ఆయన బొమ్మకు దండలేసే నాయకులు ఈ మాట ఎందుకు చెప్పరు?

మన భూమికి ఇది చావుబతుకుల సంగతి. 1977 చట్టం అసైన్డ్ భూములు అమ్మగూడదు, కొనగూడదు అన్నది. 2023లో సవరణ చేసి, పట్టా ఇచ్చి ఇరవై ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నది. మేం అడిగేది ఒకటే. చట్టం రాబోతోందని ముందే ఎవరికి తెలుసు? తెల్లకాగితం మీద అగ్రిమెంట్లు రాయించుకున్నది ఎవరు? ఫైలు మీద సంతకం పెట్టినోళ్ళకూ, భూమి కొన్నోళ్ళకూ చుట్టరికం వుందా? ఈ మూడూ తేలని విచారణ విచారణే కాదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి. లోకాయుక్త పదవి ఒక్కనాడు గూడా ఖాళీగా వుండగూడదు. దానికి సొంత దర్యాప్తు విభాగం కావాల. ఏ సిఫారసు మీద ఏం చేసినారో మండలాఫీసు గోడ మీద రాయాల. భార్య, కొడుకు, కోడలు, అల్లుడి పేర వున్న కంపెనీలు గూడా చట్టం కిందికి రావాల. తనవాళ్ళ సంగతి చర్చకు వచ్చినప్పుడు కమిటీ సభ్యుడు లేచి బయటికి పోవాల. ఫిర్యాదు చేసినోళ్ళకు రక్షణ ఇయ్యాల.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకొని కూచోవద్దు. మీ వాడలో పని మొదలైతే సమాచార హక్కు చట్టం కింద అంచనా, టెండరు, ఎం-బుక్ నకళ్ళు అడగండి. ఎన్నికలప్పుడు అభ్యర్థి ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్టు పక్కన పెట్టుకొని పేర్లు పోల్చండి. ఉపాధి పనుల సామాజిక తనిఖీల్లో కూలీల బిడ్డలే మస్టర్లు చదివి, దొంగ పేర్లు బయట పెట్టినారు. ఆ బిడ్డలు ఇప్పుడూ మన వాడల్లోనే వున్నారు. ఫిర్యాదు ఒక్కరి పేర పంపొద్దు, వాడంతా సంతకాలు పెట్టండి. రుజువు లేని మాట రాయొద్దు, అబద్ధమని తేలితే చిక్కు మనకే. గ్రామసభలో నోటితో అడిగి వదలొద్దు, మినిట్సు పుస్తకంలో ఎక్కేదాకా నిలబడండి.

కాటా మన చేతికి రావాలంటే ముందు ముల్లు చదవడం మనకు రావాల. చదువుకున్న ప్రతి దళిత బిడ్డా తన వాడకు ఆ పని చేసిపెట్టాల.

జై భీమ్!