పేరు చూసి ఫీజు కట్టే ముందు

ఆస్ట్రేలియా చదువంటే మన ఇళ్లలో ముందుగా వినిపించేవి మెల్‌బోర్న్, సిడ్నీ, మొనాష్ వంటి 'గ్రూప్ ఆఫ్ ఎయిట్' అనే ఎనిమిది విశ్వవిద్యాలయాల పేర్లే.

ఆ ఎనిమిదింటిలోనో, సాంకేతిక విశ్వవిద్యాలయాల్లోనో చదివినవారికి నలభయ్యేళ్ల ఉద్యోగ జీవితంలో మిగతా పట్టభద్రులకంటే ఆదాయం దాదాపు 6 శాతమే ఎక్కువని అక్కడి పరిశోధన సంస్థ గ్రాటన్ ఇన్‌స్టిట్యూట్ 2014లో లెక్కగట్టింది. ఏం చదివారన్నదే అంతకంటే పెద్ద తేడా తెస్తుందని తేల్చింది. పట్టా పొందగానే పూర్తికాల ఉద్యోగం దొరకడంలో, ప్రాంతీయ పట్టణాల్లో నడిచే చార్లెస్ స్టర్ట్ విశ్వవిద్యాలయం ప్రభుత్వ సర్వేల్లో పదేపదే ముందు నిలిచింది.

ప్రభుత్వ సాయంతో చదివే స్థానికులకు ఫీజు పరిమితి కోర్సును బట్టే ఉంటుంది. మన పిల్లలకు ఆ రక్షణ లేదు. పేరున్న చోట ఫీజు బాగా ఎక్కువ. విద్యార్థి వీసా రుసుమే 2024 జులైలో 710 డాలర్ల నుంచి 1,600కు, మరుసటి ఏడాది 2,000కు పెరిగింది.

పొలం తాకట్టు పెట్టే తల్లిదండ్రులు ర్యాంకు కంటే ముందు, ఆ కోర్సు చదివినవారి ఉద్యోగాల వివరాలు అడగాలి.