పెరుగు తినండి, బి.పి. పరీక్ష మాత్రం మానకండి



"ప్రోబయాటిక్ గుళికలు మింగితే కాన్పు నాటికి బి.పి. రాకుండా ఉంటుందా?" అని గర్భిణీ స్త్రీలు అడుగుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెరుగు, మజ్జిగ మానవద్దు. బి.పి. కోసమని ఆ గుళికలు కొనవద్దు.

ప్రోబయాటిక్స్ అంటే శరీరానికి మేలు చేసే సూక్ష్మజీవులు. పాలు తోడుకుని పెరుగయ్యేది కూడా ఇలాంటి జీవుల వల్లనే. నార్వే దేశంలో సుమారు 70 వేల గర్భాలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చివరి నెలల్లో ప్రోబయాటిక్ పాలు తాగిన తల్లులలో బి.పి. జబ్బు కొంత తక్కువగా కనిపించింది. కానీ అది పాల వల్లనేనని రుజువు కాలేదు. ఆ తల్లులు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులై ఉండవచ్చు. గర్భిణీలకు షుగరు రాకుండా గుళికలిచ్చి చూసిన పరీక్షలను 2021లో కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు ఫలితం తారుమారైంది. 955 మందిలో, గుళికలు తీసుకున్నవారికే బి.పి. జబ్బు ఎక్కువగా వచ్చింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. "గుళికలు మింగుతున్నాను కదా" అనే ధీమాతో పరీక్షకు రాకపోవడం. ఈ జబ్బు మొదట్లో నొప్పి తెలియనివ్వదు. అయిదో నెల దాటాక బి.పి. 140/90కి చేరినా తల్లికి ఏమీ తెలియకపోవచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. పెద్దలు గుర్రపు వాతమనేది దీనినే. గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు.

మేలు చేస్తుందని తేలినది కాల్షియం. మన పక్కనున్న బెంగుళూరులో తొలి చూలు గర్భిణీలు 11 వేల మందిపై జరిపిన పరీక్ష 2024లో వెలువడింది. రోజుకు 500 మిల్లీగ్రాములు తీసుకున్నా, 1500తో సమానంగానే పని చేసిందని అందులో తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఆ బిళ్లలను గూట్లో దాచవద్దు. ఐరన్ బిళ్లతో కలిపి ఒకే వేళ మింగవద్దు. మన రాగి సంగటిలోనూ కాల్షియం దండిగా ఉంది. ఆస్పిరిన్ బిళ్ల కొందరికే అవసరం. అది డాక్టరు చెబితేనే వాడాలి.

మగ్గం పని ఆగుతుందనీ, బస్సు ఖర్చులనీ పరీక్ష వాయిదా వేసే ఇళ్లు మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు ఉన్నాయి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణీలను డాక్టర్లు ఉచితంగా చూస్తున్నారు. ఆ రోజు మగ్గం ఆపి భార్యను వెంటబెట్టుకుని వెళ్లండి.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి, ముఖం, చేతుల వాపు వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

అత్తమ్మలారా, కోడలికి పెరుగన్నం పెట్టండి. "బి.పి. చూపించుకున్నావా అమ్మా?" అని కూడా అడగండి.